‘లీటరుకు ఇరవై’ మాట సరే... కాగితం ఏదీ?

ఆళ్ళగడ్డ: నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ దాదాపు 40 కిలోమీటర్లు. కర్నూలు పెద్దాస్పత్రికి పోవాలంటే వందకు పైమాటే. ఆళ్ళగడ్డకు రైలు లేదు. 2016లో నంద్యాల-ఎర్రగుంట్ల మార్గంలో రైలు మొదలైనా అది బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా పోయింది గానీ ఈ వైపు తిరగలేదు. పగలు బస్సుల మీద నెట్టుకురావచ్చు. రాత్రి పదకొండు గంటలకు ముసలాయనకు ఆయాసం వచ్చినా, ఆడబిడ్డకు నొప్పులు మొదలైనా ఇంటి ముందు బండి ఉన్నవారి సంగతి వేరు, ఫోను పట్టుకుని నలుగురిని బతిమాలుకునేవారి సంగతి వేరు. అందుకే ఒకప్పుడు పెద్దరైతుల ఇళ్ళ ముందు మాత్రమే కనిపించిన కారును ఇవాళ ఐదెకరాల రైతు, బడిపంతులు, కిరాణా కొట్టు యజమాని కూడా కోరుకుంటున్నారు. కొత్తది కొనే స్తోమతు లేదు. చూపంతా పాత కార్ల మీదే.

వడ్లు అమ్మిన డబ్బు చేతికి రాగానే ఈ బేరాలు ఊపందుకుంటాయి. కొనేవారు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ‘లీటరుకు ఎంత ఇస్తుంది?’ బేరగాళ్ళ దగ్గర జవాబూ ఒక్కటే: ‘కళ్ళు మూసుకుని ఇరవై!’ ఈ ఒక్క మాట మీద లక్ష, రెండు లక్షల బేరం తెగిపోతోంది. నిజానికి పాత కారు విషయంలో కొనేవారిని ముంచేది మైలేజీ కాదు. ఎలా కాదో కాగితం మీద లెక్క వేసి చూద్దాం.

ఏడాదికి తిరిగేది ఎంత?

నెలకు ఆరుసార్లు ఆళ్ళగడ్డ నుంచి నంద్యాలకు పోయి వస్తే 480 కిలోమీటర్లు. ఊళ్ళో తిరిగేది కలిపి 500 అనుకుందాం. ఏడాదికి 6 వేలు. లెక్క కోసం పెట్రోలు లీటరు 110 రూపాయలు, డీజిలు 98 రూపాయలు పెట్టుకుందాం.

లీటరుకు 16 ఇచ్చే పెట్రోలు కారుకు ఏడాదికి 375 లీటర్లు కావాలి. అంటే 41,250 రూపాయలు. అదే 18 ఇచ్చే కారుకు 36,670. రెండు కిలోమీటర్ల తేడాకు ఏడాది మొత్తం మీద మిగిలేది 4,600 రూపాయల లోపు. నెలకు 380. నాలుగు టైర్లు అరిగిపోయి ఉన్న బండిని మైలేజీ మాట నమ్మి కొంటే రెండేళ్ళ మిగులు ఒక్క టైర్ల కొట్లోనే అయిపోతుంది.

ఇక డీజిలు సంగతి. లీటరుకు 20 ఇచ్చే డీజిలు కారుకు ఏడాదికి 300 లీటర్లు, 29,400 రూపాయలు. 16 ఇచ్చే పెట్రోలు బండితో పోలిస్తే దాదాపు 12 వేలు మిగులు. చూడటానికి బాగుంది. కానీ అదే వయసు, అదే కండిషన్ గల డీజిలు కారుకు 60 వేలు ఎక్కువ పోశామనుకుందాం. ఆ 60 వేలు తిరిగి రావడానికి ఐదేళ్ళు పడుతుంది. ఈలోగా ఇంజెక్టర్లు గానీ, హైప్రెషర్ పంపు గానీ, టర్బో గానీ మొరాయిస్తే పల్లెటూరి షెడ్డులో పని జరగదు. నంద్యాలకో కర్నూలుకో బండిని కట్టి ఈడ్చుకుపోవాలి. పైగా మన దేశంలో కార్లు ఎక్కువగా అమ్మే మారుతి కంపెనీ 2020 ఏప్రిల్ నుంచి డీజిలు కార్ల తయారీయే మానుకుంది.

అలాగని డీజిలు అందరికీ దండుగ అనడానికి లేదు. వ్యాపారం మీద తరచూ కర్నూలు, కడప తిరిగేవారికి నెలకు రెండు వేల కిలోమీటర్లు అవుతుంది. వారికి ఇదే లెక్కన ఏడాదికి 47 వేలు మిగులుతుంది. అలాంటివారు డీజిలు కొనుక్కోవచ్చు. నెలకు 500 తిరిగేవారు మాత్రం వారిని చూసి కొనకూడదు. ఇక ఏడాదికి ఒకసారి అహోబిలం బ్రహ్మోత్సవాలకు, శివరాత్రికి మహానందికి పోవడం తప్ప వేరే పని లేనివారికి కారు ఎందుకో అర్థం కాదు. ఆ నాలుగు రోజులకు అద్దె బండి పెట్టుకుంటే ఇన్సూరెన్సు బాధ లేదు, బ్యాటరీ చచ్చిపోయే బాధా లేదు.

కంపెనీలు చెప్పే మైలేజీ సంగతి కూడా ఒక మాట అనుకోవాలి. 2016 నాటి ఆల్టో 800 పెట్రోలు కారుకు కంపెనీ ప్రకటించిన అంకె 24.7. అది ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి తేల్చిన లెక్క. శిరివెళ్ళ దగ్గర ట్రాక్టరు వెనుక పడి, ఏసీ వేసుకుని, ఐదుగురు ఎక్కి పోయే లెక్క కాదు. ఆ అంకెలో ఐదో వంతు తీసేసుకుంటే మన రోడ్డు మీద వచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తోంది. ఇథనాలు లేని పెట్రోలుకు రూపొందించి 10 శాతానికి సర్దిన కార్లలో దీనివల్ల మైలేజీ 6-7 శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. అంటే 18 ఇచ్చే పాత బండి 17కు దిగుతుందన్నమాట. పాత బండ్లలో రబ్బరు గొట్టాలు ఒకసారి చూపించుకోవడం మంచిది.

ఏ బండి?

సినిమాల్లో సీమ అంటే దుమ్ము లేపుకుంటూ వచ్చే సుమోలే. నిజానికి ఈ ప్రాంతంలో మధ్యతరగతి కుటుంబాన్ని కారెక్కించినది మారుతి 800. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించిన ఆ బండి 2014 జనవరి దాకా తయారయింది. అంతకుముందు కారంటే అంబాసిడర్, ఫియట్. పల్లెకు పోతే జీపు. కార్ల తయారీకి లైసెన్సు నిబంధన 1993లో తొలగిపోయింది. అప్పటి ప్రధాని పి.వి. నరసింహారావు మన నంద్యాల ఎంపీయే, 1991 నవంబరు ఉప ఎన్నికలో ఇక్కడినుంచే గెలిచారు. ఆ తర్వాత 1998లో శాంత్రో, ఇండికా వచ్చాయి. అప్పుడు పట్నాల్లో కొత్తగా అమ్ముడైన కార్లే పది, పదిహేనేళ్ళకు మన వైపు సెకండ్ హ్యాండ్‌గా దిగాయి.

ఇప్పుడు మారుతి 800 కొనమంటే సలహా ఇవ్వలేం. ఎంత కొత్తదైనా అది 2014 నాటిది, దొరికేవాటిలో చాలా మటుకు అంతకన్నా పాతవి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు. తర్వాత బండిని చూపించి ఐదేళ్ళకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేలయింది. 20 ఏళ్ళు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. గ్రీన్ టాక్సు దీనికి అదనం. 14 ఏళ్ళ కారు చవకగా వస్తోందని ఎగబడేవారు ఈ ఖర్చు, దానికి ముందు చేయించాల్సిన డెంటింగు, పెయింటింగు ఖర్చు ధరలో కలుపుకుని చూడాలి.

నలుగురున్న సంసారానికి 2014-2018 మధ్య పెట్రోలు ఆల్టో, వేగనార్ వంటివి చాలు. గొప్ప బండ్లని కాదు. క్లచ్ ప్లేటు, బ్రేకు షూలు, బుష్షులు నంద్యాల కొట్లలో ఎప్పుడూ ఉంటాయి, ఏ షెడ్డు మెకానిక్కుకైనా చేయి అలవాటయిన ఇంజన్లు. 2014లో రిజిస్టరయిన బండికి 2029 దాకా కాగితం చిక్కు లేదు. ముసలివాళ్ళున్న ఇంటికి వేగనారే మేలు. సీటు ఎత్తుగా ఉంటుంది, వంగి దూరే పని లేదు. ఎంత మంచి కారైనా రెండేళ్ళ క్రితమే అమ్మకం ఆగిపోయిన కంపెనీది కొంటే ఒక్క హెడ్‌లైటు కోసం హైదరాబాదు పోవాల్సి వస్తుంది.

ఇంకో మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త కారు ధర దిగినప్పుడు పాత కారు ధర కూడా దిగాలి. పాత రేట్లు పట్టుకుని వేలాడేవారికి ఈ సంగతి గుర్తు చేయవచ్చు.

పొద్దున్నే పోవాలి

కారు చూడటానికి చాలామంది సాయంత్రం పూట నలుగురు స్నేహితులను వేసుకుని పోతారు. పొద్దున్నే, చెప్పకుండా పోవడం మంచిది. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే ముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో చూస్తేనే దాని గుణం తెలుస్తుంది. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ కాలుతోంది. తెల్ల పొగ బండి వేడెక్కినా ఆగకపోతే రేడియేటర్ నీళ్ళు లోపలికి పోతున్నాయి. ఆయిలు మూత తీసి చూసినప్పుడు మీగడలాంటి తెల్లటి పదార్థం అంటుకుని ఉంటే అది కూడా నీళ్ళు కలిసిన గుర్తే. అలాంటి బండిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే నంద్యాల ప్రాంతంలో రేడియేటర్ బాగాలేని బండి పాణ్యం చేరకముందే ఆవిరి కక్కుతుంది.

మీటరు రీడింగును నమ్మడానికి లేదు. వెనక్కి తిప్పడం చిటికెలో పని. మీటరులో 40 వేలు చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగు తోలు మెరుస్తూ, డ్రైవరు సీటు గుంత పడి ఉంటే అసలు సంగతి తెలిసిపోతుంది. కంపెనీ షోరూములో సర్వీసు చేయించిన బండయితే నంబరు చెప్పి పాత సర్వీసు రికార్డు అడిగి చూసుకోవచ్చు.

మైలేజీ తేల్చుకోవడానికి మన దగ్గర మంచి దారే ఉంది. ఆళ్ళగడ్డ బంకులో ట్యాంకు నిండా, పంపు తనంత తాను ఆగిపోయేదాకా పెట్రోలు పోయించాలి. నంద్యాల పోయి రావాలి. మళ్ళీ అదే పంపు దగ్గర అలాగే నింపాలి. 80 కిలోమీటర్లకు ఐదు లీటర్లు పడితే 16, నాలుగు పడితే 20. డ్యాష్‌బోర్డు మీద చూపే అంకె కన్నా ఇది నమ్మకం. పెట్రోలు డబ్బు మనమే పెట్టుకుంటాం అన్నా ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరం అక్కడితో ఆపేయవచ్చు. ఈ ప్రయాణంలో ఇంజను వేడెక్కిన తర్వాత గేర్లు ఎలా పడుతున్నాయి, బ్రేకు వేస్తే ఏ పక్కకు లాగుతోంది, మధ్యాహ్నం ఎండలో ఏసీ చల్లబరుస్తోందా అన్నవీ తేలిపోతాయి. వీలుంటే దిగువ అహోబిలం నుంచి ఎగువకు ఒకసారి ఎక్కించి చూడాలి. క్లచ్ అయిపోయిన బండి ఆ ఎక్కుడులో ఇంజను అరుస్తుంది గానీ ముందుకు కదలదు.

ఒక మెకానిక్కుకు రోజు కూలి ఇచ్చి వెంట తీసుకుపోవడం దండుగ ఖర్చు కాదు. అయితే అతను బేరగాడి మనిషి కాకూడదు. అమ్మించినందుకు కమీషను తీసుకునే మెకానిక్కు చేత బండి పరీక్ష చేయించడం వల్ల ప్రయోజనం సున్నా.

నంబరు ప్లేటు చెప్పే కథ

2019 జనవరికి ముందు రిజిస్టరయిన బండ్లకు జిల్లా నంబర్లుండేవి. ఏపీ 21 అంటే కర్నూలు జిల్లా బండి. ఏపీ 04 కడప, ఏపీ 02 అనంతపురం. ఇక్కడి ఎండల్లో తిరిగిన బండ్లకు రంగు వెలుస్తుందేమో గానీ తుప్పు తక్కువ. ఏపీ 31 విశాఖపట్నం బండి అయితే సముద్రపు గాలికి తలుపుల కింద, సైలెన్సరు పైన తుప్పు ఉందేమో చూడాలి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ ఇవ్వడంతో ప్లేటు చూసి ఊరు చెప్పే వీలు పోయింది. ఆర్సీలో చిరునామా చదువుకోవాల్సిందే.

ఇది ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. 2015 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాదులో జరిగింది కూడా ఇదే. నీళ్ళలో మునిగిన బండిని కడిగి, అత్తరు కొట్టి అమ్మకానికి పెడితే పైకి ఏమీ తెలియదు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే లోపలి భాగంలో బురద చార కనిపిస్తుంది. కార్పెట్ లేపి, స్టెప్నీ కింద గుంత చూస్తే మట్టి ఉంటుంది. సీటు పట్టాలు తుప్పు పట్టి ఉంటాయి. ఇలాంటి బండికి ఆరు నెలల తర్వాత కరెంటు వైర్ల దగ్గర మొదలయ్యే జబ్బు చివరికి ఏ మెకానిక్కుకూ అందదు.

ఢిల్లీ నుంచి వచ్చే డీజిలు కార్ల మీద కూడా కన్నేసి ఉంచాలి. అక్కడ పదేళ్ళు దాటిన డీజిలు బండ్లపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆంక్ష పెట్టిన తర్వాత అలాంటివి చవకగా ఇతర రాష్ట్రాలకు తరలుతున్నాయి. కర్నూలు పక్కనే తెలంగాణ, ఆ పక్క బళ్ళారి. పక్క రాష్ట్రం బండి ధర తక్కువగానే కనిపిస్తుంది. అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ టాక్సు మళ్ళీ కట్టాలి, నంబరు మార్పించాలి. ఈ ఖర్చు కలుపుకున్న తర్వాత కూడా చవకైతేనే కొనాలి.

పాత వ్యానుల్లో గ్యాస్ కిట్ బిగించినవి వస్తుంటాయి. ఆ కిట్ వివరం ఆర్సీలో రాసి లేకపోతే దాన్ని ముట్టుకోకూడదు. ఇంటి వంట సిలిండరు కలిపి నడిపేవారి వెనుక సీట్లో పిల్లలను కూర్చోబెట్టడం కన్నా బస్సు నయం.

అసలు ప్రమాదం

ఇంజను బోరుకొస్తే పోయేది ముప్పై, నలభై వేలు. కాగితాలు సరిగా లేకపోతే పొలమే పోవచ్చు. మన దగ్గర ఇప్పటికీ ‘ఓపెన్ ఫారాల’ బేరాలు జరుగుతున్నాయి. అమ్మేవారు ఫారం 29, 30 మీద ఖాళీగా సంతకాలు పెట్టి బేరగాడి చేతికి ఇస్తారు. అతను బండిని మరొకరికి, వారు ఇంకొకరికి అమ్ముతారు. స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకుంటే చాలుననే నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. చట్టం దృష్టిలో అది యాజమాన్యం మార్పు కాదు.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో తెలుసుకోదగ్గది. 2007లో ఒకరు బండి అమ్మేశారు. అది తర్వాత కూడా చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగింది. ఆర్టీఏ రికార్డుల్లో మాత్రం మొదటి యజమాని పేరే ఉండిపోయింది. రికార్డులో పేరున్న వ్యక్తే యజమాని, నష్టపరిహారం బాధ్యత ఆయనదే అని కోర్టు తేల్చింది. బండి ఎవరి దగ్గర ఉందో తెలియని మనిషి లక్షలు కట్టాల్సి వచ్చింది. కాబట్టి పేరు మార్పు కొనేవారికి ఎంత అవసరమో అమ్మేవారికీ అంతే అవసరం. రాష్ట్రంలోని బండి అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఇన్సూరెన్సు పాలసీ మీద పేరు మార్పుకు కూడా 14 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. పాత యజమాని పేరు మీదే పాలసీ ఉంచుకుని తిరిగితే మన బండికి దెబ్బ తగిలినప్పుడు చిల్లిగవ్వ రాదు. వెయ్యి సీసీ లోపు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ రేటు ప్రకారం 2,094 రూపాయలు, పన్ను అదనం. రెండు లక్షల బండి కొన్నవారు దీని దగ్గర పొదుపు చేయడం ఏమిటో!

అప్పు మీద కొన్న బండి అయితే ఆర్సీలో ఫైనాన్సు కంపెనీ పేరు ఉంటుంది. కిస్తీలు అయిపోయాయని నోటిమాట చెబితే కాదు, ఆ కంపెనీ సంతకం, ముద్ర ఉన్న ఫారం 35, ఎన్‌వోసీ చేతికి రావాలి. ఇవి లేకుండా కొన్న కారును కిస్తీలు బాకీ అని నడిరోడ్డు మీద ఆపి తీసుకుపోతే అడిగే హక్కు ఉండదు. బండి నంబరు కొట్టి ఎంపరివాహన్ యాప్‌లో చూస్తే రిజిస్ట్రేషన్ గడువు, ఇన్సూరెన్సు, ఫైనాన్సు వివరాలు కనిపిస్తాయి. పోలీసు చలానాలు ఎన్ని బాకీ ఉన్నాయో కూడా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఇంట్లో ఇంటరు చదివే పిల్లలను అడిగితే ఐదు నిమిషాల్లో చూసి పెడతారు. ఆర్సీలోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద కొట్టిన వాటితో అంకె అంకె సరిచూసుకోవాలి.

డబ్బంతా ఒకేసారి చేతిలో పెట్టకుండా, అమ్మేవారిని వెంటబెట్టుకుని నంద్యాల పోయి పేరు మార్పు దరఖాస్తు పెట్టిన రోజున కొంత, ఆర్సీ కొత్త పేరుతో వచ్చిన తర్వాత మిగిలింది ఇచ్చేలా మాట్లాడుకునేవారు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు. దీనికి మంచి అమ్మకందారు అభ్యంతరం చెప్పడు. రసీదు మీద తేదీతోపాటు బండి అప్పగించిన గంట కూడా రాసుకోవాలి. ఆ పూట జరిగిన ప్రమాదానికో, పడిన చలానాకో ఎవరు బాధ్యులన్న తగువు వచ్చినప్పుడు పనికొచ్చేది ఆ గంటే.